పొగపెట్టె, ఇసుక గిన్నె, తుఫాను గాలి: పిల్లల చేత చేయిస్తుంటే ఎక్కడ తప్పుతోంది?

తీరంబడి:

శ్రీకాకుళం జిల్లా గార మండలం. బడి నుంచి సముద్రం మూడు కిలోమీటర్లు. 8, 9 తరగతులు కలిపి 48 మంది, ఆరు జట్లు, ఒక పూట సమయం, చేతిలో రెండు వేల రూపాయలు. వాతావరణంలో గాలి ఎలా కదులుతుందన్నది పాఠం. మాస్టారు బల్ల మీద చేసి చూపించడం కాదు, పిల్లలే చెయ్యాలి. ముందుగా ఒకసారి చేసి చూస్తే నాలుగు చోట్ల బండి ఆగింది.

ఒకటి, రెండు గొట్టాల పొగపెట్టె. బూట్ల పెట్టె మీద చార్టుతో చుట్టిన రెండు గొట్టాలు, వెడల్పు 2 సెం.మీ. ఒకదాని కింద కొవ్వొత్తి, రెండోదాని మీద అగరుబత్తి. పొగ లోపలికి దిగి కొవ్వొత్తి గొట్టంలోంచి బయటికి రావాలి. మూడుసార్లకి రెండుసార్లు దిగడం లేదు, నేరుగా పైకే పోతోంది.

రెండు, ఇసుక, నీళ్లు. రెండు స్టీలు గిన్నెల్లో పోసి గంటసేపు ఎండలో పెడితే రెండింటికీ రెండు డిగ్రీల తేడా కూడా రాలేదు. థర్మామీటరు గిన్నె అడుగుకి ఆనించి చూశాం.

మూడు, కొరియాలిస్ ప్రభావం, అంటే భూమి తిరగడం వల్ల గాలి దారి పక్కకి వంగినట్టు కనపడటం. సింకులో నీళ్లు ఎటు సుడి తిరుగుతాయో చూపిస్తే చాలంటున్నారు. నిజమేనా?

నాలుగోది తుఫానుల గురించి పిల్లలడిగిన ప్రశ్న. హుద్‌హుద్‌కి సముద్రం మీంచి గాలి కొట్టిందట, తిత్లీకి కొండల వైపు నుంచి కొట్టిందట. "తుఫాను సముద్రంలోనే కదా మాస్టారూ పుట్టింది, మరి గాలి కొండల వైపు నుంచి ఏటి వస్తంది?" దీన్ని చేతులతో చేయించి చెప్పే దారి ఉందా?

పాలకొండ రోడ్డు:

మొదటి రెండూ నేను చెప్తాను.

పొగపెట్టెలో రెండు బలాలు పోటీ పడతాయి. కొవ్వొత్తి వేడికి ఆ గొట్టంలో గాలి తేలికై పైకి లేస్తుంది, దాంతో రెండో గొట్టంలోంచి బయటి గాలి లోపలికి దిగుతుంది. అదే సమయంలో అగరుబత్తి కొన తన చుట్టూ ఉన్న గాలిని తనే వేడి చేసి పొగను పైకి ఎగదోస్తుంది. మొదటిది గెలిస్తేనే పొగ తల దించుతుంది. మీ 2 సెం.మీ. గొట్టంలో గోడల రాపిడికే గాలి నీరసపడిపోతోంది, అందుకే అగరుబత్తి గెలుస్తోంది.

గొట్టాలు 4 నుంచి 5 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉండాలి. రెండింటి మధ్య దూరం 20 సెం.మీ.కి తగ్గకూడదు. కొవ్వొత్తి వైపు కాగితం గొట్టం పెట్టకండి, అంటుకుంటుంది. పీవీసీ కూడా వద్దు, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడి పక్కకి వాలిపోతుంది. పాత లాంతరు గ్లాసు దొరికితే దానికి మించింది లేదు. లేకపోతే రెండు వైపులా కోసేసిన పాలడబ్బా. అటువైపు రంధ్రం అంచుకి వంటింటి అల్యూమినియం రేకు చుట్టండి. మంట కొన రంధ్రానికి సరిగ్గా కింద, 5 సెం.మీ. దిగువన ఉండాలి. పక్కకి జరిగితే వేడి గాలి పెట్టె మూతకి తగిలి లోపలే తిరుగుతుంది. చల్ల గొట్టానికి చార్టు సరిపోతుంది.

ఫ్యాను ఆపండి. తీరానికి అంత దగ్గర బడి కాబట్టి సముద్రం వైపు కిటికీలు కూడా మూయండి, లేకపోతే గది గాలే గొట్టం నోటి మీద ఆడుకుంటుంది. కొవ్వొత్తి రెండు నిమిషాలు వెలిగాకే అగరుబత్తి తీసుకోండి. దాన్ని తలకిందులుగా పట్టి, నిప్పు కొనను గొట్టం అంచు దగ్గర ఉంచితే చాలు, లోతుగా దింపితే దాని వేడి మళ్లీ ఎదురు తిరుగుతుంది. పెట్టె లోపల వెనక గోడకి నల్ల చార్టు, ముందు కిటికీకి పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు, పక్క నుంచి సెల్‌ఫోను టార్చి. టార్చి ఎదురుగా పట్టుకుంటే పొగ కనపడదు.

ఇంత చేసినా పొగ దిగకపోతే ఎక్కడో కారుతోందని అర్థం. అతుకుల వెంట అగరుబత్తిని నెమ్మదిగా జరిపి చూడండి, పొగ ఎక్కడ లోపలికి గుంజుకుంటుందో చిల్లు అక్కడే. అక్కడ సెల్లోటేపు వెయ్యండి. ఈ చిల్లు వెతికే పని మాత్రం పిల్లలకే వదిలెయ్యండి. ప్రయోగం కంటే ఇందులోనే వాళ్లు ఎక్కువ నేర్చుకుంటారు.

పొగ సాఫీగా నడుస్తున్నప్పుడు చల్ల గొట్టాన్ని అరచేత్తో మూయమనండి. మంట రెపరెపలాడి, పెట్టెకి ఎక్కడా చిల్లు లేకపోతే కాసేపటికి కొడిగడుతుంది. చెయ్యి తీస్తే మళ్లీ నిలబడుతుంది. చాలా పుస్తకాల్లో "వేడిగాలి పైకి పోయి ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి చల్లగాలి వస్తుంది" అని రాస్తారు. నాకు ఆ వాక్యం నచ్చదు. ఖాళీ ఎక్కడా ఏర్పడదు. బరువైన చల్లగాలి కిందకి దూరి తేలికైన దాన్ని పైకి నెడుతుంది. నీళ్లలో ముంచిన బంతిని పైకి నెట్టేది నీళ్లే, బంతి తనంతట తాను ఎగరదు కదా, అలాగే.

ఇక ఇసుక. థర్మామీటరు అడుగుకి ఆనించడం దగ్గరే తప్పు జరిగింది. ఎండిన ఇసుకలో వేడి గంటకి మూడు సెంటీమీటర్ల లోతుకి దిగితే గొప్ప. మీరు కొలిచింది ఎండ తగిలిన ఇసుకని కాదు, ఎండ చేరని ఇసుకని. గిన్నెలు మానేసి వెడల్పాటి పళ్లేలు తీసుకోండి. ఒకదాంట్లో కేజీ ఇసుక, ఇంకోదాంట్లో కేజీ నీళ్లు. థర్మామీటరు బుడ్డి పైపొరకి సెంటీమీటరు లోపల ఉండాలి. నీళ్లలో ఎండ నేరుగా బుడ్డికే తగిలి రీడింగు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి చూసే ముందు అరనిమిషం అట్టముక్క అడ్డం పెట్టండి. తీరం ఇసుక తెస్తే రెండు రోజులు ఎండబెట్టండి. తడి ఇసుక సగం నీళ్లలాగే ప్రవర్తిస్తుంది. ల్యాబు థర్మామీటరే వాడాలి, జ్వరం చూసేది 42 దగ్గర ఆగిపోతుంది.

పది నిమిషాలకోసారి, గంటసేపు ఎండలో. ఆ తర్వాత రెండు పళ్లేలనీ నీడలోకి తెచ్చి ఇంకో గంట. చాలామంది ఈ రెండో గంట ఎగ్గొడతారు. రాత్రి భూమి మీంచి సముద్రం మీదకి గాలి ఎందుకు మళ్లుతుందో దాంట్లోనే ఉంది: ఎంత తొందరగా వేడెక్కిందో అంత తొందరగానూ ఇసుక చల్లారుతుంది.

కారణం చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్లు కావాలి, ఎండిన ఇసుకకి 0.8 చాలు. ఐదు రెట్లు తేడా అని చెప్పి ఆపేస్తారు. కానీ సముద్రానికి ఇంకో మూడు సంగతులున్నాయి. ఎండ నీటిలో మీటర్ల లోతుకి దిగుతుంది, అలలు ఆ వేడిని కలిపేస్తాయి, ఆవిరి కొంత వేడిని పట్టుకుపోతుంది. పళ్లెంలో అలలు లేవు కాబట్టి మీకు వచ్చే తేడా అసలు తీరంలో ఉన్నదానికంటే తక్కువే. ఏప్రిల్ మధ్యాహ్నం ఒడ్డున చెప్పుల్లేకుండా నడవలేం, నాలుగడుగులు వేసి నీళ్లలో దిగితే హాయి. రెండు రీడింగులూ పిల్లల అరికాళ్లకి ముందే తెలుసు.

సైకిల్ చక్రం:

సింకు మాట మర్చిపోండి సార్. లెక్క చూడండి. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. ఆ అక్షాంశం దగ్గర నేల తన నిట్టనిలువు గీత చుట్టూ ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు కాదు, 24ని సైన్ 18.3తో భాగిస్తే వచ్చే 76 గంటలు పడుతుంది. సింకు అర నిమిషంలో ఖాళీ అవుతుంది. ఆ అర నిమిషంలో నేల తిరిగేది డిగ్రీలో పాతికో వంతు. నీళ్లు పోసినప్పుడు చెయ్యి ఎటు కదిలిందన్నదే సుడి దిక్కుని నిర్ణయిస్తుంది. పిల్లల్లో ఒకడు నీళ్లని ముందే వేలితో అటు తిప్పితే అటే తిరుగుతుంది, మీ పాఠం అక్కడితో సరి.

ఇలా చెయ్యండి. పాత సైకిల్ ముందు చక్రం ఒకటి, టైరు తీసేసి. ఇరుసు ఒక కొనని చెక్కపలకకి రంధ్రం చేసి నట్టుతో బిగించి, చక్రం నేలకి సమాంతరంగా ఉండేలా పరచండి. ఊచల మీద అట్ట, అట్ట మీద తెల్ల చార్టు, నాలుగు చోట్ల పురికొసతో కట్టెయ్యండి. రెండు వైపులా రెండు స్టూళ్లు వేసి, వాటి మీద మీటరు స్కేలు అడ్డంగా పెట్టండి. స్కేలు చక్రం మధ్య మీదుగా పోవాలి, చార్టుకి తగలకూడదు, వేలెడు ఎత్తున ఉండాలి.

ఒకరు చక్రాన్ని అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా, ఆరు సెకన్లకి ఒక చుట్టు చొప్పున తిప్పాలి. ఉత్తర ధ్రువం పైనుంచి చూస్తే భూమి తిరిగేది అటే. ఇంకొకరు స్కెచ్ పెన్నుని స్కేలు అంచు వెంట మధ్య నుంచి బయటికి రెండు సెకన్లలో లాగాలి. పెన్ను తిన్నగా వెళ్తుంది, చార్టు మీద గీత మాత్రం కుడికి వంగుతుంది. ఇప్పుడు అంచు నుంచి మధ్యకి లాగండి. అప్పుడూ పెన్ను వెళ్లే దిశకి కుడివైపే. ఈ రెండోది చేయించకపోతే "బయటికి పోతేనే వంగుతుంది" అనుకుంటారు. చక్రాన్ని సవ్యంగా తిప్పితే ఎడమకి వంగుతుంది, అది దక్షిణార్ధగోళం.

తప్పులు మూడు. వేగంగా తిప్పితే గీత జంతిక చుట్టలా చుట్టుకుపోతుంది, కుడో ఎడమో తెలీదు. పెన్ను నొక్కితే చక్రం ఆగుతుంది, అందుకే బాల్ పెన్ను కాకుండా స్కెచ్ పెన్ను. ఇరుసు దగ్గర కోను (బేరింగుని బిగించే నట్టు) వదులైతే చక్రం ఊగి, గీత అలలుగా వస్తుంది. కుమ్మరి సారె మీద చేస్తే ఇంకా బాగుంటుంది, కానీ సారె ఎటు తిప్పుతున్నారో ముందు చూసుకోండి.

కుదిరితే ఒక సెల్‌ఫోనుని స్టాండుతో చార్టు అంచు మీదే కట్టి వీడియో తియ్యండి, ఇంకోదాన్ని పక్కన స్టూలు మీద పెట్టండి. స్టూలు మీది ఫోనులో పెన్ను తిన్నగా పోతుంది, చక్రం మీది ఫోనులో వంగుతూ పోతుంది. గాలిని ఎవరూ పక్కకి తొయ్యడం లేదు, చూస్తున్న మనమే తిరిగే నేల మీద ఉన్నాం అన్నది ఆ రెండు వీడియోలు పక్కపక్కన పెడితే ఇట్టే తెలుస్తుంది.

నాగావళి:

సోషల్ వైపు నుంచి రెండు మాటలు. పిల్లలు గాలి పేరు దగ్గరే తడబడతారు. నైరుతి గాలి అంటే నైరుతి వైపు పోయే గాలి అనుకుంటారు. వచ్చే దిక్కు పేరే గాలి పేరు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సముద్రం ఉన్నది తూర్పున కాదు, ఆగ్నేయాన. సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి, రాత్రి భూమి గాలి వాయవ్యం నుంచి. ఆగ్నేయం ఎటు అంటే తెలీకపోయినా వంటగది ఏ మూలన అంటే చెప్పేస్తారు, వాస్తు పుణ్యమా అని.

గాలిదిక్కు చూసే బాణం: 25 సెం.మీ. వెదురు పుల్ల, ముందు చిన్న అట్టముక్క (3 సెం.మీ.), వెనక పెద్దది (10 బై 8). పుల్ల వేలి మీద నిలిచే చోట గుండుసూది గుచ్చి, కింద ఒక గాజుపూస, దాని కింద పెన్సిలు రబ్బరు. పూస లేకపోతే పుల్ల రబ్బరుకి రాసుకుని తిరగదు. రంధ్రం సరిగ్గా తూకం దగ్గర కాకుండా అట్టల మధ్యలో చేసేస్తారు, అప్పుడు తోక వాలిపోయి ఇరుక్కుంటుంది. ఇంతకంటే సులువు: వెదురు గెడకి పాత క్యాసెట్టు టేపు 30 సెం.మీ. కట్టడం.

ఆ టేపు గెడలు నాలుగు. ఒకటి ఒడ్డున, ఒకటి కిలోమీటరు లోపల, ఒకటి బడి దగ్గర, ఒకటి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల లోపల ఏదైనా పిల్లాడి ఊళ్లో. ఉదయం తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా పావుగంటకోసారి దిక్కు, ఉష్ణోగ్రత రాయించండి. గాలి ఆగ్నేయానికి మళ్లిన సమయం ఒక్కో గెడ దగ్గర ఒక్కోలా వస్తుంది. ఒడ్డున ముందు, లోపల తర్వాత. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మబ్బు లేని రోజు చూసుకోండి. జూన్ తర్వాత పడమటి గాలి జోరులో ఇది కనపడదు.

రుతుపవనాలు కూడా ఇలాంటివే, కాకపోతే పెద్ద సముద్రపు గాలి అని చెప్పేస్తే పాఠం అక్కడికి కలుస్తుంది.

గాలిమర:

నాగావళి గారూ, చివరి వాక్యంతో మాత్రం ఏకీభవించలేను. మన దగ్గర నేల బాగా కాగేది మే నెలలో. రుతుపవనం జోరు జులైలో, అప్పటికి వానలకి నేల చల్లబడిపోయి ఉంటుంది. వేడి నేల ఒక్కటే కారణమైతే మేలోనే కుండపోత కురవాలి. ఎండ నెత్తిమీదకి వచ్చే కొద్దీ భూమధ్యరేఖ దగ్గరి అల్పపీడన పట్టీ ఉత్తరానికి జరిగి మన మీదకి వస్తుంది. దక్షిణార్ధగోళం నుంచి వచ్చే ఆగ్నేయ వ్యాపార పవనాలు దాని కోసం రేఖ దాటి, దాటాక కుడికి వంగి నైరుతి గాలులవుతాయి. సైకిల్ చక్రం చేసిన పిల్లలకి ఇది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది, ఆ వరసలోనే చెప్పండి. నేలకీ నీటికీ వేడిలో తేడా ఇందులో ఒక భాగమే.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. దీనికి ఓహెచ్‌పీ షీటు ఒకటి, మార్కరు, కోణమానిని, అట్లాసు చాలు. అట్లాసు చూసి 1 సెం.మీ.కి 10 కి.మీ. లెక్కన విశాఖ నుంచి గోపాల్‌పూర్ దాకా తీరాన్ని చార్టు మీద గీయండి. విశాఖ, కళింగపట్నం (మీ మండలంలోనిదే), పలాస గుర్తు పెట్టండి. ఈ లెక్కలో కళింగపట్నం నుంచి విశాఖ 11 సెం.మీ. పైచిలుకు, పలాస సుమారు ఐదున్నర.

షీటు మధ్య చుక్క పెట్టి 3, 6, 9, 12 సెం.మీ. వృత్తాలు. ప్రతి వృత్తం మీదా ఎనిమిది చోట్ల బాణాలు. బాణం వేసే పద్ధతి: ముందు వృత్తానికి స్పర్శరేఖ అపసవ్య దిశలో, తర్వాత దాన్ని 20 డిగ్రీలు కేంద్రం వైపు వంచాలి. ఆ వంపు మానేస్తే గాలి ఊరికే గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉంటుంది, నిజానికి అది తిరుగుతూ లోపలికి దూసుకెళ్తుంది. నేల దగ్గర రాపిడి గాలి వేగాన్ని తగ్గించబట్టే ఆ వంపు. షీటు మూలన "ఉ" అని రాయండి. అక్షరం తిరగబడి కనిపిస్తే షీటు బోర్లా పడిందని అర్థం, అప్పుడు బాణాలన్నీ ఆస్ట్రేలియా తుఫానువి అయిపోతాయి.

ఇప్పుడు ఒక జట్టుకి హుద్‌హుద్, ఒక జట్టుకి తిత్లీ. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, గంటకి 170–180 కి.మీ. గాలులతో. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర, 140–150 కి.మీ. గాలులతో. షీటు చుక్కని ఆగ్నేయాన సముద్రంలో పెట్టి, రెండేసి సెంటీమీటర్లు వాయవ్యానికి జరుపుతూ తీరం దాటించమనండి. ప్రతి అడుగుకీ కళింగపట్నం మీద ఏ బాణం పడిందో, దాని తోక ఏ దిక్కున ఉందో రాయాలి.

హుద్‌హుద్ జట్టుకి ఈశాన్యంతో మొదలై తూర్పుకి, అక్కడి నుంచి ఆగ్నేయానికి మళ్లుతుంది. కేంద్రం కళింగపట్నానికి నైరుతి పక్క నుంచి పోయింది కాబట్టి గాలి సముద్రం మీంచే. తిత్లీ జట్టుకీ ఈశాన్యంతోనే మొదలవుతుంది, కానీ ఉత్తరం, వాయవ్యం, పడమర మీదుగా నైరుతికి పోతుంది. కేంద్రం ఈసారి ఊరికి ఈశాన్య పక్క నుంచి వెళ్లింది. అదే ఊరు, అదే అక్టోబరు, రెండు తుఫానులూ సముద్రంలో పుట్టినవే. గాలి దిక్కు తుఫాను ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి కాదు, దానికి మనం ఏ పక్కన ఉన్నామన్న దాన్ని బట్టి.

ఇదే షీటుతో ఉప్పెన సంగతీ తేలుతుంది. తుఫాను వెళ్లే దారికి కుడి పక్కన గాలి నీటిని ఒడ్డుకి తోస్తుంది, ఎడమ పక్కన ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. పీడనం తగ్గడం వల్ల నీరు ఉబ్బేది కొంతే: ఒక హెక్టోపాస్కల్ (పీడనం కొలత) తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 దాకా పడింది. మామూలు 1008 అనుకుంటే తేడా 58, అంటే నీటి మట్టం అరమీటరు పైచిలుకు. మిగతాదంతా గాలి తోపే.

తర్వాత పిల్లల్ని లేపి నిలబెట్టండి. టేబుల్ ఫ్యాను గాలికి వీపు పెట్టమనండి. ఉత్తరార్ధగోళంలో అలా నిలబడితే తుఫాను కేంద్రం ఎడమచేతి వైపు, కాస్త ముందుకి ఉంటుంది. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం ఇది. ఫ్యానుని నాలుగు మూలలకీ మార్చి "కేంద్రం ఎటు?" అని అడగండి. షీటుని కళింగపట్నం మీదుగానే ఒకసారి నడిపించండి: ఈశాన్యపు గాలి, కాసేపు నిశ్శబ్దం, తర్వాత నైరుతి నుంచి హఠాత్తుగా. గాలి ఆగింది కదా అని ఆ మధ్యలో బయటికి రాకూడదన్న మాట అప్పుడు విడిగా చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. సీసా మూతికి బెలూన్ బిగించి, పైన స్ట్రా ముల్లు అంటించే బారోమీటరు ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. అది థర్మామీటరే. మూసిన సీసాలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 3.4 హెక్టోపాస్కల్స్ పెరిగినంత ఒత్తిడి. మన దగ్గర మామూలు రోజున పీడనం ఉదయం పది గంటలకి ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది, ఆ తేడా అంతా కలిపి మూడు నాలుగే. ఒక్క డిగ్రీతో మొత్తం మునిగిపోతుంది. చెయ్యాలనే ఉంటే సీసాని నీళ్లు నింపిన కుండలో మెడ దాకా దించి నీడలో ఉంచండి. అంతకంటే, బారోమీటరు ఉన్న సెల్‌ఫోను ఒకటి సంపాదించి బడి కింది నుంచి డాబా మీదకి ఎక్కించండి. ఎనిమిదిన్నర మీటర్లకి ఒక హెక్టోపాస్కల్ చొప్పున తగ్గడం అప్పటికప్పుడు కనపడుతుంది.

తీరంబడి:

అందరికీ ధన్యవాదాలు. 5 సెం.మీ. పాలడబ్బాతో పొగ దిగింది. చిల్లు పెట్టె మూత అంచునే ఉంది. పళ్లెంలో ఇసుక గంటకి నీళ్ల కంటే తొమ్మిది డిగ్రీలు ఎక్కువ చూపించింది.

ఇంకా రెండు అడగాలి. పెద్ద చేపల తొట్టి ఒకటి ఉంది, 60 సెం.మీ. పొడవు. దాంట్లో సముద్రపు గాలి మొత్తం చుట్టు, కింద ఇటు, పైన అటు, ఒకేసారి చూపించొచ్చా? ఓహెచ్‌పీ షీటు మీద తిత్లీ జట్టుకి మాత్రం బాణాలు వాయవ్యం బదులు ఆగ్నేయం వస్తున్నాయి.

గాలిమర:

రెండోదానికి ముందు: షీటు మూలన "ఉ" ఎలా కనిపిస్తోంది?

తీరంబడి:

తిరగబడి ఉంది సార్. సరిచేశాం, వాయవ్యం వచ్చింది.

పాలకొండ రోడ్డు:

తొట్టి బ్రహ్మాండంగా పనికొస్తుంది, పొగ పద్ధతి ఒక్కటి మార్చాలి. ఒక చివర పళ్లెంలో బాండీలో వేయించిన కేజీ ఇసుక, 70 డిగ్రీల దగ్గర. రెండో చివర పళ్లెంలో కేజీ ఐసు. పైన గాజుపలక గానీ వంటింటి ప్లాస్టిక్ కాగితం గానీ గట్టిగా కప్పి, మూల ఒక్కటి తెరిచే వీలు ఉంచుకోండి. ఐదు నిమిషాలు కదపకుండా వదిలెయ్యాలి. అగరుబత్తిని లోపల పెడితే దాని వేడికి పొగ నేరుగా మూతకి కొట్టుకుంటుంది, చుట్టు చెడిపోతుంది. అందుకని ఖాళీ షాంపూ సీసా కడిగి ఆరబెట్టి, లోపల అగరుబత్తి నిమిషం పెట్టి పొగ నింపి, మూతవేసి ఇంకో నిమిషం చల్లారనివ్వండి. ఆ చల్ల పొగని ఐసు పక్కన, అడుగున, సీసాని మెల్లగా నొక్కి వదలండి. పొగ నేలబారుగా ఇసుక దాకా పాకి, అక్కడ లేచి, మూత కింద వెనక్కి మళ్లుతుంది. గట్టిగా నొక్కితే మీరు చూసేది మీ చెయ్యి ఊదిన గాలే.

రాత్రి గాలికి ఫ్రిజ్‌లో పెట్టిన ఇసుక, 40 డిగ్రీల నీళ్లు. వేడి తేడా తక్కువ కాబట్టి పొగ నెమ్మదిగా నడుస్తుంది. భూమి గాలి సముద్రపు గాలంత జోరుగా ఉండకపోవడానికి కారణం కూడా అదే, తొట్టిలో తప్పు లేదు.

పొగ పడని పిల్లలున్న జట్టుకి అదే తొట్టి నీళ్లతో చేయించండి. మధ్యలో అట్టముక్కకి ప్లాస్టిక్ చుట్టి అడ్డుపెట్టి, అంచులకి మైనం రాయండి. ఒక వైపు మామూలు నీళ్లు, రెండో వైపు లీటరుకి 20 గ్రాముల ఉప్పు, నాలుగు చుక్కల నీలిమందు. రెండు వైపులా నీటిమట్టం 15 సెం.మీ., సమానంగా. కాసేపు నిలకడపడనిచ్చి అడ్డుని నిటారుగా పైకి లాగాలి. బరువైన నీలినీళ్లు అడుగున నాలుక చాపినట్టు నాలుగైదు సెకన్లలో అవతలి గోడని తాకుతాయి. సముద్రపు గాలి ఊళ్లోకి వచ్చే తీరు అదే, ముందు భాగం ఉబ్బెత్తుగా, వెనక పల్చగా. అడ్డు ఏటవాలుగా లాగితే రెండూ కలిసిపోయి తొట్టంతా లేతనీలం అవుతుంది. అప్పుడు నీళ్లు పారబోసి మళ్లీ పొయ్యడం తప్ప దారి లేదు, కాబట్టి ఉప్పు అరకేజీ ఎక్కువే తెప్పించండి.

నాగావళి:

రుతుపవనం గురించి గాలిమర గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను. తీరంబడి గారూ, టేపు గెడ కనీసం మూడు మీటర్లు ఉండాలి, డాబా గోడకీ కొబ్బరిచెట్లకీ దూరంగా. గోడ పక్కన కట్టిన టేపు సుడిలో గిర్రున తిరుగుతుంటే పిల్లలు దాన్నే గాలి దిక్కుగా రాసేస్తారు.